చేతికివ్వని చాకు

మా ఆయన మొండివాడు కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత ఊళ్లో ఎవరెవరు ఏమేమన్నారో అన్నీ నా చెవిన పడ్డాయి. పొగరన్నారు, తిక్క అన్నారు, గుట్టల్లోని దళంవాళ్లతో లోపాయికారీ నడిపాడన్నారు. నోరుంది కదా అని ఎవరికి తోచింది వాళ్లు అంటారు, వాళ్ల సొమ్మేం పోయింది. పద్దెనిమిదేళ్లు కాపురం చేసినదాన్ని నేను. ఆయన పేరు నా నోటితో పలకలేను గాని ఊరంతా మంగయ్య అని పిలిచేది. నా పేరు బక్కమ్మ. మాది కోదాడకు నాలుగు కోసుల దూరంలో ఒక చిన్న పల్లె, మాకు అరవై గొర్రెలు.

గొర్రెలవాడికి చాకు లేకపోతే చేయి లేనట్టే. ఆయన రొంటిన ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. సూర్యాపేట అంగట్లో పొట్టేళ్లు అమ్మిన రోజు కొన్నాడు. పిడి కొమ్ముతో చేసింది, పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగిపోయింది. దానికో తాడు కట్టి మొలతాడుకు ముడి వేసుకునేవాడు. పొద్దున లేస్తే పందుంపుల్ల కోసుకునేది దాంతోనే. మేతకు తుమ్మ మండ కొట్టినా, గొర్రె గిట్ట చెక్కినా, ఈనిన గొర్రెకు పిల్ల బొడ్డు కోసినా, కాలిలో ముల్లు తీసినా, మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ కోసుకున్నా అదే చాకు. ఒకసారి నా చీర కొంగు కంపకు చిక్కుకుంటే దాంతోనే ఒక్కొక్క ముల్లే కోసి, చీర చిరగకుండా కంప విరగకుండా విడిపించాడు. కంప కొట్టేయడానికి అంత ఆలోచనా అని నేను విసుక్కుంటే, చీర నీది గాని కంప మన గొర్రెలది అని నవ్వాడు. అట్లాంటి మనిషి.

నైజాం రాజ్యం పోయి ఏడాది దాటింది. రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకున్నామో లేదో, ఊరి చావడిలో మిలిటరీ క్యాంపు దిగింది. గుట్టల్లో ఉన్న దళంవాళ్ల కోసమని చెప్పారు. చావడి గోడ మీద ఇసుక బస్తాలు పేర్చారు, వాటి వెనక తుపాకీతో ఒకడు ఎప్పుడూ కూర్చుని ఉండేవాడు. మూడోరోజు దండోరా వేశారు. ఇంట్లో పదునున్నది ఏదున్నా, గొడ్డలి కానీ కొడవలి కానీ చాకు కానీ, క్యాంపులో పెట్టాలి. పనికి కావలసినవాళ్లు పొద్దున తీసుకెళ్లి పొద్దుగూకే లోపల తిరిగి అప్పజెప్పాలి. దాచిపెట్టిన వాళ్లను లారీ ఎక్కిస్తారు.

లారీ అంటే ఏమిటో మాకు వారం లోపలే తెలిసింది. మా వెనకింటి శంకరయ్య గడ్డివాములో గొడ్డలి మరిచిపోయాడు. మరిచిపోయాడో దాచాడో దేవుడికే తెలియాలి. సోదాలో బయటపడింది. అదే మధ్యాహ్నం లారీ ఎక్కించి సూర్యాపేట తీసుకుపోయారు. వాళ్లావిడ పిచ్చమ్మ సద్ది మూట కట్టుకుని రెండుసార్లు నడిచి వెళ్లింది. మొదటిసారి రేపు రమ్మన్నారట, రెండోసారి అట్లాంటి పేరుగలవాడు ఇక్కడ లేడన్నారట. తెచ్చిన సద్ది తెచ్చినట్టే పట్టుకుని మా గడపలో కూలబడింది. అప్పటినుంచి లారీ చప్పుడు వింటే చేస్తున్న పని వదిలి వాకిట్లోకి పరుగెత్తేదాన్ని.

రైతుల కొడవళ్లన్నీ పటేలు మనిషి కట్ట కట్టి తెచ్చి, కట్ట కట్టి ఇచ్చేవాడు. గొర్రెలవాళ్లు మందను దొడ్డికి తోలిన తర్వాత గాని రాలేరు కాబట్టి వాళ్లు విడిగా రావాలన్నారు. ఊళ్లో గొర్రెలున్నది రెండిళ్లవాళ్లకు. రెండోవాడు జంగయ్య, క్యాంపు దిగిన రాత్రే మందను తోలుకుని కోదాడ దాటి సరిహద్దు అవతలికి వెళ్లిపోయాడు. మిగిలింది మా ఆయన ఒక్కడే. మనమూ పోదామని నేను అన్నాను. సూడి గొర్రెలు ఇరవై ఉన్నాయి, నడవలేవన్నాడు.

మొదటిరోజు సాయంత్రం చావడి గేటు దగ్గర బోలెడు జనం. మీసాలు గుబురుగా ఉన్న ఒక సిపాయి చేయి చాపాడు. మా ఆయన రూలు ప్రకారం చాకు విప్పి, అలుగుకు రక్తం మరక లేదని అటూ ఇటూ తిప్పి చూపించాడు. చూపించి, సిపాయి చేతిలో పెట్టకుండా మోకాళ్ల మీద కూర్చుని నేల మీద పెట్టాడు. లేచి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

చాపిన చేయి చాపినట్టే ఉండిపోయింది. ఆ సిపాయి చాకు వైపు చూశాడు, మా ఆయన మొహం చూశాడు. ఏం తోచిందో మీసంలో నవ్వుకుని వంగి చాకు తీసుకున్నాడు. మరునాడు పొద్దున తిరిగి ఇచ్చేటప్పుడు అతను కూడా నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. మా ఆయన మాత్రం ఇంటికి వచ్చి ఏదో చుట్టం కలిసినట్టు చెప్పాడు.

"ఆయనకెరికేనే. ఆళ్ల దేశంల గూడ గిట్లనే ఉంటది కావొచ్చు."

"నీకు చెప్పిండా?"

"చెప్పుడెందుకు? సూస్తే ఎరుకైతలేదా?"

మా ఇళ్లలో కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వరు. చేతికిస్తే ఇచ్చినవాడికి, పుచ్చుకున్నవాడికి పగ పుడుతుంది. నేల మీద పెడితే భూదేవి తీసుకున్నట్టు, రెండోవాడు భూదేవి దగ్గర తీసుకున్నట్టు. మా అత్త కూరగాయల కత్తిని కూడా నాకు ఎప్పుడూ చేతికివ్వలేదు. మా అమ్మ ఇంట్లోనూ అంతే. నేను వీటిని పాటించేదాన్ని గాని, పాటించకపోతే కొంపలు మునుగుతాయని అనుకోలేదు. ఆయన అట్లా కాదు. దానికో కారణముంది. వాళ్ల అన్న చంద్రయ్య ఒకరోజు ఈనుతున్న గొర్రెను పట్టుకుని ఉండి, తొందరలో చాకు ఇలా ఇవ్వరా అని చేయి చాపాడు. ఈయన ఆ చేతిలోకి చాకు విసిరాడు. ఆ వారంలోనే పంపకాల దగ్గర ఇద్దరికీ మాట పెరిగింది. బావ తన మందను తోలుకుని మిర్యాలగూడ వైపు వెళ్లిపోయాడు. నాలుగేళ్లు మాటల్లేవు. అక్కడే జ్వరమొచ్చి పోయాడు, మాకు కబురు అందేసరికి పదోరోజు కూడా అయిపోయింది. తగవు పెట్టింది మా తోడికోడలు నోరు, చాకు కాదు. నేనా మాట వందసార్లు చెప్పాను. వినేవాడు, మరో చుట్ట వెలిగించుకునేవాడు.

అట్లా నలభై రోజులు జరిగిపోయాయి. పొద్దున సిపాయి నేల మీద పెడితే ఈయన తీసుకోవడం, సాయంత్రం ఈయన పెడితే సిపాయి తీసుకోవడం. ఆయన ఇల్లు చేరేదాకా పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా బియ్యం వేయబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు పొద్దెక్కాక నేను పెరట్లో పిడకలు చరుస్తుంటే లాజరు వచ్చాడు. లాజరు బెజవాడలో దొరల దగ్గర పని చేసి వచ్చినవాడు, నాలుగు ముక్కలు హిందీ వచ్చు. క్యాంపుకు నీళ్లు మోస్తూ వాళ్ల మాటలు మాకు, మా మాటలు వాళ్లకు చెప్పేవాడు. ఎప్పుడూ వాకిట్లోనే నిలబడి పరాచికాలాడి వెళ్లే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నీతో ఒక మాట. ఎవరితోనూ అనమాక."

"ఏమైందిరా?"

"నిన్న సాయంత్రం సిపాయిల పెద్ద, జమాదారు, అరుగు మీద కూర్చుని టీ తాగుతా చూశాడు. మంగన్న చాకు కింద పెట్టడం, సిపాయి వంగి తీయడం. నన్ను పిలిచి అడిగాడు, నా సిపాయిని ఒంగబెడుతున్న ఆ గొర్రెలోడు ఎవడూ, వాడి పేరేంటీ అని."

నాకు చేతిలోని పేడ చేతిలోనే ఉంది. "నువ్వేమన్నవ్?"

"పేరు చెప్పక చస్తానా. అది మీ ఆచారం అని కూడా చెప్పానక్కా, నా తల్లి మీద ఒట్టు. ఆచారమా, రేపు చూస్తా, రేపు కూడా నేల మీద పెడితే ఎల్లుండి లారీలో పెడతా అన్నాడు. అంటే ఇవాళ సాయంత్రమే చూస్తాడు, లారీ రేపు పొద్దున్నే వస్తంది."

"ఆ మీసాల సిపాయికి చెప్పిండా జమాదారు?"

"ఆయనకు చెప్పినట్టు లేడు. ఊరికే చూద్దామని ఉన్నాడు. మంగన్నను బతిమాలో బామాలో చేతికిప్పించు అక్కా. ఒక్క పూట."

లాజరును నేను తప్పు పట్టను. ప్రాణానికి తెగించి వచ్చి చెప్పాడు. చేతులు కడుక్కుని, రొట్టెలు మూట కట్టుకుని బయలుదేరాను. దారంతా నాకు పిచ్చమ్మ పట్టుకొచ్చిన సద్ది మూటే కళ్లల్లో మెదిలింది.

ఆయన వాగు ఒడ్డున తుమ్మల కింద ఒక గొర్రెను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని గిట్ట చెక్కుతున్నాడు. నేను లాజరు చెప్పిందంతా చెప్పాను. గిట్ట చెక్కడం ఆపలేదు. నాలుగు గిట్టలూ అయ్యేదాకా నేనలా నిలబడే ఉన్నాను. గొర్రెను వదిలాక చాకు ధోవతికి తుడుచుకున్నాడు.

"ఆయనకు నాకు మంచిగున్నది. దాన్ని చెడగొట్టుమంటవా?"

"మంచిగున్నదంట మంచిగ. ఆ సిపాయి నీ మేనబావా? రేపు ఇంకో ఊరికి పోతడు. లారీ ఎక్కినంక నీకెవడు దిక్కు?"

"చంద్రన్నకు గట్లనే ఇచ్చిన."

"మల్ల చంద్రన్న. ఇగ సచ్చిపోయినోని ముచ్చట ఇడిసిపెట్టు. నీ మాట నెగ్గాల్నా, నువ్వు ఇంటికి రావాల్నా? ఏదో ఒకటి చెప్పు, నేను ఇంటికి పోత."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఇరవై సూడి గొర్రెల కోసం ఆగిపోయిన మనిషి, నా కోసం ఒక్కసారి చేయి చాపలేడా అనిపించింది. ఆ మాటే అనేశాను. ఆయన అలుగును ఇంకోసారి ధోవతికి తుడిచాడు.

"నాకు శాతగాదే" అన్నాడు నెమ్మదిగా.

"శాతగాకపోవుడేంది? ముందుకు పోయి చెయ్యి చాపి ఇచ్చుడే. నాకియ్యి సూద్దాం."

నేను అరచేయి చాపాను. ఆయన చాకు మడిచేసి రొంటిన పెట్టుకున్నాడు.

"నీతోని కొట్లాట నాకెందుకు? ఉన్నది సాలదా?"

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వాడు. సరే, ఇయ్యాల ఇస్త అన్నాడు. రేపట్నుంచి ఆ సిపాయికీ నాకూ పంచాయితీ అయితే నువ్వే తీర్చాలె అన్నాడు. తీరుస్తానన్నాను. లేచి వచ్చేస్తూ ఇంకో మాట కూడా చెప్పాను. ఆ సిపాయి అలవాటు కొద్దీ కింద పెట్టమని సైగ చేస్తాడేమో, ఏమన్నా సరే కింద పెట్టొద్దు, చేతిలోనే పెట్టాలి, జమాదారు చూస్తుంటాడు అని. ఆయన తల ఊపాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, అందుకే నిశ్చింతగా ఇంటికి వచ్చాను.

నిశ్చింత అంటున్నాను గాని, పొద్దు వాలేసరికి ఇంట్లో కాలు నిలవలేదు. ఖాళీ గంప ఒకటి నెత్తిన పెట్టుకుని చావడి ఎదురుగా ఉన్న మొండిగోడ పక్కకు వెళ్లి నిలబడ్డాను. జమాదారు అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అతని పక్కన లాజరు నీళ్ల బిందెతో ఉన్నాడు. గోడ మీద ఇసుక బస్తాల వెనక తుపాకీవాడు బీడీ తాగుతున్నాడు. మీసాల సిపాయి గేటు ముందు ఉన్నాడు.

మా ఆయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతికర్ర. గేటుకు పది అడుగుల దూరంలో కర్ర కింద పెట్టాడు, రోజూ అక్కడే పెట్టేవాడు. చాకు తీసి విప్పాడు. అలుగు అటూ ఇటూ తిప్పి చూపించాడు. మీసాల సిపాయి రోజూ లాగే తల ఆడించి, ఆయన కూర్చుని పెట్టడానికి చోటిస్తూ రెండడుగులు వెనక్కి జరిగాడు. జరిగి, తీసుకోవడానికి నేల వైపు చూస్తున్నాడు.

మా ఆయన కూర్చోలేదు. చాకును పిడికిట్లో బిగించి పట్టుకుని ముందుకు నడిచాడు. చేయి చాపాడు.

సిపాయి తల ఎత్తేసరికి చాకు మొన అతని రొమ్ముకు జానెడు దూరంలో ఉంది. అతను ఒక్క గెంతు వెనక్కి గెంతి ఏదో అరిచాడు. వేలు నేల వైపు చూపించి మళ్లీ అరిచాడు. అది కింద పెట్టమని చెప్పడమేనని నాకు అర్థమైంది, మా ఆయనకూ అర్థమైంది. ఆయన ఆగిపోయాడు. తల తిప్పి మొండిగోడ పక్కనున్న నన్ను చూశాడు. పెట్టనా వద్దా అని అడిగినట్టు చూశాడు.

నేను పెట్టొద్దని తల అడ్డంగా ఊపాను. ఇయ్యి అని చేత్తో సైగ చేశాను.

ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. చావడి గోడ మీది తుపాకీవాడు కాల్చాడు.

మీసాల సిపాయి తన తుపాకీ ఎత్తనే లేదు. అది మాత్రం చెప్పాలి. పైవాడి వైపు తిరిగి రెండు చేతులూ ఊపుతూ అరిచాడు, అప్పటికే ఆలస్యమైపోయింది. నేను గంప ఎక్కడ పడేశానో తెలియదు. వెళ్లేసరికి ఆయన ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. గొంగడి తడిసిపోతోంది. తల నా ఒళ్లోకి తీసుకునే లోపలే కళ్లు నిలబడిపోయాయి. చాకు ఇంకా పిడికిట్లోనే ఉంది. ఇద్దరు సిపాయిలు లాగినా వేళ్లు విడలేదు.

జమాదారు అరుగు దిగి వచ్చాడు. చాకు వైపు చూపిస్తూ లాజరును ఏదో అడిగాడు. లాజరు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు, ఏడుస్తున్నాడు.

"అక్కా, ఇచ్చేవాడైతే పిడి ఇటు తిప్పి ఇవ్వాలి గదా, మొన ఎదురు పెట్టుకుని ఎందుకొచ్చాడు అని అడుగుతున్నాడు. పసిపిల్లలకైనా తెలుసంటున్నాడు."

నేను ఆ పిడికిలి వైపు చూశాను. చాకు చేతికివ్వాలంటే పిడి అవతలివాడి వైపు తిప్పాలని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లొచ్చాయి, అప్పటిదాకా తెలియదు. మా అత్తకు తెలియదు, మా అమ్మకూ తెలిసి ఉండదు. నేల మీద పెట్టేవాళ్లం, పిడి ఎటుంటే మాకేమిటి. అన్న చేతిలోకి ఒకసారి విసిరాడే గాని, మొన తనవైపు ఎట్లా తిప్పుకోవాలో, వేళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆయన ఒక్కనాడు చేసి ఎరగడు. శాతగాదే అన్నాడు. నిజంగానే చేతకాదని చెప్పాడు, నేను మొండితనమనుకున్నాను.

"ఆయనకు ఇచ్చుడు రాదని చెప్పు లాజరూ" అన్నాను. "మేం ఎన్నడూ ఎవ్వరికీ చేతికియ్యలే. ఇయ్యమన్నది నేనే అని చెప్పు. కింద పెడ్తుంటే వద్దన్నది గూడ నేనే అని చెప్పు."

లాజరు కళ్లు తుడుచుకుని జమాదారు వైపు తిరిగి చాలాసేపు చెప్పాడు. జమాదారు వింటూ నా మొహం వైపు రెండుసార్లు చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని కాగితం తీసి రాసుకున్నాడు. సాక్షి సంతకానికని ఆ కాగితం పటేలు దగ్గరికి వచ్చిందట, అందులో ఏముందో ఆయన మర్నాడు నాకు చదివి చెప్పాడు. మంగయ్య అనే గొర్రెలవాడు విప్పిన కత్తితో సిపాయి మీదికి వచ్చాడు, ఆగమన్నా ఆగలేదు, అంతే ఉందట. నేను ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి చదివాడు. అందులో నా పేరు ఎక్కడా లేదు.